ఏ వైపూ లేని మసక

వంటింటి బల్ల మీద అమ్మగారు అన్నీ వరసగా పెట్టి ఉంచింది. వెనిగర్ సీసా, నిమ్మకాయలు, వంటసోడా డబ్బా, మొక్కజొన్న పిండి, ఉప్పు. పక్కన పాత పేపర్ల కట్ట. తెలియని వాళ్ళు చూస్తే ఎవరో చుట్టాలొస్తున్నారు, వంట మొదలవబోతోంది అనుకుంటారు. ఇవన్నీ కిటికీల కోసమని, అత్తగారి బదులు ఆ ఇంటికి పనికి వచ్చిన కోడలికి తెలుసు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారి చేతుల్లో ఆ పుల్లటి వాసన ఎరిగినదే.

“సీసాల్లో అమ్మే మందులు నా ఇంట్లోకి రాకూడదు” అంది అమ్మగారు. “ఆ ఘాటు తగిలితే నాకు ఊపిరాడదు. నోట్లో పెట్టుకోగలిగింది ఏదుందో దానితోనే తుడవాలి. మీ అత్త చెప్పే ఉంటుందిలే.”

“చెప్పారండీ.”

“చెప్పడం బాగానే చెప్తుంది. చెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కంతా.”

అమ్మగారు ముందు నడిచి పడకగది తలుపు తీసింది. అందులో రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది. కింద లారీలూ బస్సులూ పోతున్నా లోపలికి చప్పుడు లేదు, బొమ్మల్లా కదిలిపోతున్నాయి. అద్దం ఎడమ మూల నుంచి జానెడు పైదాకా, పాలు ఒలికి ఎండిపోయినట్టు, తెల్లటి మసక.

“ఇదే. చూశావా? మిగతా కిటికీలకి వంక పెట్టను. ఈ ఒక్కదాని గురించి ఎన్నాళ్ళుగానో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. రుద్దుతుంది, తుడుస్తుంది, పోయిందమ్మగారూ అంటుంది. పొద్దున్నే లేచి చూస్తే ఎక్కడిదక్కడే. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు. పాపం పాపం అని నేనైనా ఎన్నాళ్ళు ఊరుకోను?”

చూపు ఆనడం లేదు. ఆ మాట ఈ గదిలో పుట్టి, మెట్లు దిగి, వాళ్ళ వీధి దాకా వచ్చి, ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. వీధిలో అందరూ అత్తగారిని అద్దాలమ్మ అనే పిలుస్తారు. అద్దాలమ్మకే అద్దం కనిపించడం లేదట అని నవ్విన వాళ్ళున్నారు. ఆ మాట విని మొదట కోడలూ నవ్వింది, కాకపోతే వంటింట్లోకి వెళ్ళి నవ్వింది.

“నువ్వు వయసులో ఉన్నావు. దీని సంగతి తేల్చావంటే పని నీదే” అని అమ్మగారు వెళ్ళిపోయింది.

కోడలు ముందు పొడిగుడ్డతో చట్రం తుడిచింది. దుమ్ము తియ్యకుండా తడి తగిలిస్తే బురదవుతుందని అత్తగారు ఎన్నిసార్లు తిట్టి ఉంటుందో. మూలల్లో పాత టూత్‌బ్రష్‌తో వంటసోడా రుద్ది తీసింది. బకెట్లో వెనిగరూ గోరువెచ్చటి నీళ్ళూ సగానికి సగం కలిపి గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండింది. లోపలి వైపు అడ్డంగా తుడిచింది. రెక్క లోపలికి లాక్కుని బయటి వైపు నిలువుగా తుడిచింది. ఇది అత్తగారి పద్ధతి. తుడవడం అయ్యాక వెలుతురుకు ఎదురుగా నిలబడి చూడాలి. మిగిలిన చార అడ్డంగా ఉంటే తప్పు లోపల జరిగింది, నిలువుగా ఉంటే బయట. రెండు వైపులా మళ్ళీ చాకిరీ చెయ్యక్కర్లేదు.

చివరికి పేపరు ఉండ చేసి రుద్దింది. అద్దం కిచకిచమంది. ఆ చప్పుడొచ్చిందంటే పని అయిపోయినట్టే. దూరంగా జరిగి చూసింది. అద్దమంతా తళతళలాడుతోంది, ఎడమ మూల మసక మాత్రం కదల్లేదు. అందులో అడ్డ గీత లేదు, నిలువు గీత లేదు. నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది మరీ రుద్దింది. మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నానికి మోచేతులు లాగేశాయి, మసక మాత్రం ఆమెను పలకరించడానికి వచ్చినట్టు అక్కడే కూర్చుంది.

“రేపు చూద్దాంలే” అంది అమ్మగారు, అత్తగారితోనూ అలాగే అని ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి అద్దాలమ్మ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఉంది. పని పోయిన దగ్గర్నుంచీ అదే ఆమె చోటు. గిన్నె ఒకటి చెయ్యి జారి పడిందని కొడుకు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాడు. కత్తి, కత్తెర పై అరలో పెట్టేశాడు. ఒంటరిగా రోడ్డు దాటొద్దన్నాడు. అన్నీ ప్రేమతోనే చేశాడు. ఇదివరకు మాట మీద మాట పడనివ్వని మనిషి ఒక్కొక్కటీ వదులుకుంటూ వచ్చింది.

“ఆ కిటికీ ఏమైంది?” అని అడిగింది, కోడలు చెప్పులు విప్పకముందే.

కోడలికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అద్దాలమ్మ ముందు, మొదటి రోజే, నా వల్లా కాలేదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. నీ చేతికి నీళ్ళు పొయ్యడమే తెలుసు, తుడవడం తెలీదు అని ఈ ముసలామె ఎన్ని వందలసార్లు అని ఉంటుంది!

“ఇవాళంతా మిగతా వాటితోనే సరిపోయింది అత్తయ్యా. దాని జోలికి ఇంకా పోలేదు.”

“ఊఁ” అంది అద్దాలమ్మ. కాసేపు తన వేళ్ళ వంక చూసుకుంది. వెనిగర్‌లో నాని నాని గోళ్ళ అంచులు తెల్లగా అరిగిపోయి ఉన్నాయి. “నాకు అప్పుడే అర్థమవ్వాల్సింది అమ్మాయ్. అడ్డంగా తుడిచా, నిలువుగా తుడిచా. మరకన్నాక ఏదో ఒక వైపు ఉండి తీరాలిగా? అది ఏ వైపూ లేదు. ఏ వైపూ లేని మసకంటే ఇంకెక్కడుంటుంది, కంట్లోనే. ఎవరికీ చెప్పకుండా ఇంకా నెట్టుకొచ్చా. వాళ్ళ చేత అనిపించుకునే దాకా తెచ్చుకున్నా.”

కోడలు చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. ఇంతలో కొడుకు వచ్చాడు. సరుకుల వ్యాను తోలే మనిషి, ఇల్లు చేరేసరికి గొంతులో ఇంకా రోడ్డు అరుపులే ఉంటాయి.

“అక్కతో మాట్లాడానే అమ్మా. ఆదివారం పొద్దున బస్సుకు ఎక్కిస్తా, వాళ్ళు అక్కడ దింపుకుంటారు. వెనక గది నీకోసం ఖాళీ చేసిందట. దానికి కిటికీ కూడా లేదు, నీకు తుడిచే బెంగ లేదు పో!”

తన జోకుకు తనే నవ్వాడు. అద్దాలమ్మ కూడా, కొడుకు మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, కొంచెం ఆలస్యంగా నవ్వింది. కూతురి ఇల్లు ఒక పగలు, సగం రాత్రి ప్రయాణం. అక్కడి వీధి ఆమెకు తెలీదు. అద్దాలమ్మ అంటే ఎవరికీ తెలీదు.

మర్నాడు పొద్దున అమ్మగారు ఫోన్లో చూసిన కొత్త వైద్యాలతో ఎదురొచ్చింది. పాలు లేని టీ డికాక్షన్ ఒక గిన్నెలో, సగానికి కోసిన బంగాళదుంప ఒక పళ్ళెంలో. “టీతో తుడిస్తే జిడ్డు విరుగుతుందట. దుంప రాస్తే ఆవిరి పట్టదట. ఏదో అమ్మాయి చేసి చూపించింది, కిటికీ వజ్రంలా మెరిసింది” అంది. ఆ మెరిసిన కిటికీకి ముందు మరక ఉందో లేదో కోడలు అడగలేదు.

టీతో తుడిచింది. దుంప రాసింది. మొక్కజొన్న పిండి వెనిగర్‌లో కలిపి, పాలలా చేసి, పూసి, ఆరాక తుడిచింది. గదంతా ఏ పూటకూ చెందని వంటిల్లులా వాసనేస్తోంది. అలసిపోయి నుదురు అద్దానికి ఆనించింది. అంత దగ్గర్నుంచి చూస్తే మసకలో సన్నటి చెమ్మ బొట్లు కనిపించాయి. ఒక బొట్టు మీద వేలు పెట్టి లాగింది. వేలు జారింది, బొట్టు జరగలేదు.

రెక్క లాగి బయటి వైపు నుంచి అదే బొట్టు మీద వేలు పెట్టింది. అప్పుడూ అది ఉన్నచోటే ఉంది.

తర్వాత నిమ్మచెక్క తీసి అద్దానికి ఆనించి, పక్కనుంచి చూసింది. అద్దంలో ఒక నిమ్మచెక్క నీడ కనపడాలి. రెండు కనిపించాయి. ఒకటి చెక్కకు అంటుకుని ఉంది, ఇంకోటి వేలెడు లోపలికి ఉంది. అద్దం ఒకటి కాదు. రెండద్దాలు, మధ్యలో ఖాళీ. చప్పుడు రాకపోవడం అందుకే. మసక ఆ ఖాళీలో ఉంది. ఏ గుడ్డా, ఏ నిమ్మకాయా, ఏ చెయ్యీ చేరలేని చోట.

కోడలు పైకే నవ్వేసింది. అత్తగారి కంట్లో ఏమీ లేదు. ఆ ముసలి కళ్ళు చూసింది చూసినట్టు చూశాయి, ఏ వైపూ లేదన్న మాట అక్షరాలా నిజం. ఈ మాట మోసుకుని వీధి మలుపు నుంచే అత్తయ్యా అని కేకేసుకుంటూ పరుగెత్తాలనిపించింది.

ముందు అమ్మగారిని పిలిచి చూపించింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంది. వేలితో తనూ రుద్దింది. “రెండద్దాలా? ఈ ఇల్లు కొన్నప్పుడే ఉంది ఈ కిటికీ. చప్పుడు రాదని చెప్పారంతే” అని గొణిగింది. ఆమెకు ఎవరో తప్పు పట్టినట్టుగా ఉంది. “సర్లే, నువ్వూ నేనూ అనుకుంటే సరిపోతుందా? అద్దాలు బిగించే అతన్ని రేపు రమ్మంటా.”

సాయంత్రం ఇంటి మెట్లెక్కేటప్పుడు కోడలు మాటలు పేర్చుకుంటూనే ఉంది. లోపలికి వచ్చేసరికి మొగుడు స్టవ్ దగ్గర టీ పోస్తున్నాడు. పని నుంచి వచ్చిన మనిషికి మొదటి కప్పు ఇవ్వడం ఆ ఇంటి అలవాటు. ఎన్నో ఏళ్ళు ఆ కప్పు అద్దాలమ్మదే. అతను మామూలుగా తల్లి వైపు తిరిగాడు.

“నాకెందుకురా? దానికివ్వు. అది కదా కష్టపడి వచ్చింది” అంది అద్దాలమ్మ.

కోడలు కప్పు అందుకుంది. కుర్చీ కూడా ఎవరో ఆమె వైపు జరిపారు. మొగుడు ఎన్నడూ లేనిది, ఇంటి ఓనరు అద్దె పెంచమంటున్నాడు ఏం చేద్దాం అని ఆమెను అడిగాడు. అద్దాలమ్మ తన పాత తుడుపు గుడ్డలన్నీ ఉతికి ఆరేసి, మడత పెట్టి, ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఉతికిన నూలుగుడ్డలు, ముట్టుకుంటే పసిపిల్లల బట్టల్లా ఉన్నాయి. ఇంట్లో ఇంకెవరి చెయ్యీ వాటి మీద పడనిచ్చేది కాదు.

“ఇవిక నీవి. కొత్తగుడ్డ నూగు రాలుస్తుంది, వీటితోనే తుడువు. ఆ కిటికీ మొదలెట్టావా?”

“మొదలెట్టా. రేపటికి తేలుతుంది” అంది కోడలు.

అద్దాలతను వచ్చి చెబితే గట్టిగా ఉంటుంది, నా మాట కన్నా పనివాడి మాట మేలు, అందుకే ఒక్క రోజు ఆగుతున్నా అనుకుంది. అది అబద్ధమేమీ కాదు. కానీ చేతిలో ఆ మొదటి కప్పు వెచ్చగా ఉంది. నిజం చెప్పిన మరుక్షణం దాన్ని ఎవరికి ఇచ్చెయ్యాలో ఆమెకు తెలుసు. అది మాత్రం తనకు తాను చెప్పుకోలేదు. టీ ఆఖరి గుక్క దాకా తాగింది.

అద్దాలు బిగించే అతను తీగలా సన్నగా ఉన్నాడు, చెవి వెనక పెన్సిలు. కిటికీ వంక చూడగానే పెదవి విరిచాడు.

“అంచు పట్టు ఊడింది మేడమ్. గాలి చొరబడి లోపల చెమ్మ పట్టింది. గట్టి ఎండ పడితే కొంచెం ఆరుతుంది, రాత్రికి మళ్ళీ పడుతుంది. ఎన్నాళ్ళనుంచి తుడుస్తున్నారు దీన్ని?” బకెట్టూ నిమ్మచెక్కలూ చూసి నవ్వాడు. “వెనిగర్ కాదు కదా, డ్రమ్ములకి డ్రమ్ములు యాసిడ్ పోసినా పోదు. అద్దం జత మార్చాల్సిందే. రేపు తెస్తా.”

టేపుతో కొలుచుకుని అతను వెళ్ళిపోయాక, అమ్మగారు మంచం అంచున కూర్చుంది. కోడలు నేల మీద పడిన పేపరు ఉండలు ఏరుతోంది.

“పాపం ముసలావిడ” అంది అమ్మగారు. నిజంగానే బాధపడింది, అందులో నటన లేదు. “అనవసరంగా మాటన్నాను. ఏం చేస్తాం, నాకు మాత్రం కలొచ్చిందా?”

కోడలు మంచం కిందికి దొర్లిన ఇంకో ఉండ లాగింది.

“చెప్తావా ఆవిడకి?”

“చెప్పొద్దా అమ్మగారూ?”

“చెప్పు, నాకేం భయం? కానీ ఒక్కటి ఆలోచించుకో. ఇప్పుడు తెలిస్తే ఆవిడ రేపే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. నా తప్పు లేదన్నారుగా, నా పని నాకివ్వండి అంటుంది. అనాలి కూడా. నేను కాదనలేను. ఇద్దరికి పని నా దగ్గర లేదు. నువ్వా, ఆవిడా? నన్నడిగితే నువ్వే. చురుగ్గా ఉన్నావు, నిచ్చెన ఎక్కుతావు. ఆవిడకీ ఎప్పటికైనా విశ్రాంతి కావాల్సిందే కదా. కూతురి దగ్గరికి వెళుతోందన్నావు. హాయిగా వెళ్ళనీ.”

కోడలు ఏరిన ఉండలన్నీ బకెట్లో పడేసింది. గదిలో లారీల చప్పుడు లేదు కాబట్టి ఆలోచించుకోవడానికి ఏ అడ్డూ లేదు. అత్తగారు తిరిగి పనికి వస్తే ఇంటికేమీ లోటు రాదు, ఆకలితో ఎవరూ చావరు. లోటల్లా తనకొక్కదానికే. పొద్దున్నే జుట్టు దువ్వుకుని, తలుపు వెనక వేసుకుని, ఎవరికీ చెప్పక్కర్లేకుండా రోడ్డు మీద నడిచిపోవడం. ఒక ఇల్లు నమ్మి తాళాలు చేతిలో పెట్టడం. ఇవి లేకుండా ఇన్నేళ్ళు బతికింది, ఇక ముందూ బతకగలదు. కానీ మళ్ళీ అలా బతకడం వద్దనిపించింది. ఆ మాట అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా వద్దనే అనిపించింది.

“రేపు మామూలు టైముకే రానా అమ్మగారూ?” అని అడిగింది.

“రా” అంది అమ్మగారు.

శనివారం కొత్త అద్దాలు బిగించారు. పాత జతను ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా దింపి ట్రాలీలో వేసుకుపోయారు. కోడలు దుమ్ము తుడిచి, కొత్త అద్దం మీది వేలిముద్రలు వెనిగర్‌తో తీసేసింది. తుడవడానికి టీ కాచుకునేంత సేపు కూడా పట్టలేదు. రోడ్డు, ఎదుటి మేడలు, బస్సు కోసం నిలబడ్డ మనుషుల ముఖాలు, అన్నీ చేతికందేలా ఉన్నాయి.

అమ్మగారు ఫోను తీసింది. “మీ అత్తతో ఒక్క మాట మాట్లాడతా. వెళ్ళిపోతోంది కదా, మంచిగా సాగనంపాలి” అని స్పీకరు పెట్టింది. కోడలు వద్దనబోయింది. ఏమని వద్దంటుంది?

“అమ్మగారా!” అద్దాలమ్మ గొంతు ఫోన్లో ఉలిక్కిపడింది. ఆమె లేచి నిలబడి మాట్లాడుతుందని కోడలికి తెలుసు.

“ఎలా ఉన్నావు? ఇదుగో, నీ కోడలు ఆ కిటికీని అద్దంలా చేసేసింది. మసకన్నది లేదు. నువ్విక ఏ బెంగా పెట్టుకోకు. మంచి చేతుల్లో పెట్టావు ఇల్లు. కూతురి దగ్గర హాయిగా ఉండు. కళ్ళు చూపించుకో.”

“సంతోషం అమ్మగారూ” అని వినిపించింది. “సంతోషం. నా వల్ల మీకు చాలా ఇబ్బంది అయింది.”

“అబ్బే, అదేం లేదు” అంది అమ్మగారు. ఫోను పెట్టేసి కోడలి వంక చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అద్దాలమ్మ సంచీ సర్దుకుని కూర్చుంది. ఒక సంచీ నిండడానికి కూడా బట్టలు చాల్లేదు. కోడలు రాగానే లేచి, ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. కోడలికి తల తీసేసినట్టయింది. లేవబోతే లేవనివ్వలేదు.

“దేనితో పోయింది?” అని అడిగింది అద్దాలమ్మ. ఆ గొంతులో పోటీ లేదు, వెక్కిరింపు లేదు. నేర్చుకునే పిల్ల అడిగినట్టు అడిగింది.

“మొక్కజొన్న పిండి... వెనిగర్‌లో.”

“నేనూ వేశా.”

“నీళ్ళు కొంచెం బాగా వేడిగా పెట్టా.”

“ఎంత వేడి?”

“చెయ్యి పెట్టలేనంత.” అబద్ధం ఒకసారి మొదలయ్యాక దానికి కొలతలు కూడా చెప్పాల్సి వచ్చింది. “పూసి, పూర్తిగా ఆరనివ్వకుండా, కొంచెం తడి ఉండగానే తుడిచేశా.”

అద్దాలమ్మ కళ్ళు మూసుకుని ఆ పనిని మనసులో చేసుకుంది. కుడిచెయ్యి గాల్లో కొంచెం కదిలింది. “అవును. నేను ఆరనిచ్చేదాన్ని. అక్కడ జరిగింది తప్పు. చెయ్యి కాలుతుందని భయపడ్డా కూడా. ముసలితనం” అంది. కోడలి అరచేతులు తిప్పి చూసింది, కాలిన ఎరుపు కోసం. అక్కడ ఏ ఎరుపూ లేదు. అది ఆమెకు కనిపించలేదో, తన చూపు మీద తనకే నమ్మకం పోయిందో, “జాగ్రత్తమ్మా, వెన్న రాసుకో” అంది.

కోడలు అన్నం సయించడం లేదని చెప్పి త్వరగా పడుకుంది. పడుకుని గోడ వైపు తిరిగింది.

ఆదివారం పొద్దున బస్టాండులో జనం పలచగా ఉన్నారు. బస్సు ఇంజను ఆన్ చేసే ఉంది. కొడుకు తల్లిని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, సంచీ పైన పెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, కండక్టరుకు మరీ మరీ చెప్పి దిగాడు. “చూపు సరిగా ఆనదు, దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి.” ఆ మాట అద్దాలమ్మ వింది. వెంటనే రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుంది, బస్సు ఇంకా కదలకపోయినా సరే. అప్పటికే అలా పట్టుకోవడం అలవాటైపోయిన మనిషిలా ఉంది.

ఆ చేతులు చూసి కోడలు తట్టుకోలేకపోయింది. బస్సెక్కి ఆమె పక్కన కూలబడింది.

“అత్తయ్యా, మీ కళ్ళకేం లేదు.”

“ఏంటమ్మా?”

“మీ కళ్ళు బాగున్నాయి. మసక అద్దంలోనే ఉంది. రెండద్దాలది ఆ కిటికీ, మధ్యలో చెమ్మ పట్టింది. ఎవరు తుడిచినా పోదు. నాకూ పోలేదు. నిన్న అద్దాలు మార్పించారు. మీరు ఏ వైపూ లేదన్నారు చూడండి, అదే నిజం. నేను మీతో అబద్ధం చెప్పా. పని నాకు ఉండాలని చెప్పా. దిగండి అత్తయ్యా, ఇంటికి పోదాం, మీ పని మీకిచ్చేస్తా.”

గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. గుండెల మీంచి బరువు దిగింది. ఇక తిట్టండి, కొట్టండి, ఏమైనా చెయ్యండి అన్నట్టు తల వంచుకుని కూర్చుంది.

అద్దాలమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఆ అరిగిన వేళ్ళతో కోడలి చెంప తుడిచింది.

“అమ్మగారే ఫోన్లో చెప్పిందిగా.”

“ఆవిడా అబద్ధమే చెప్పింది.”

“ఆవిడకేం అవసరం నాతో అబద్ధమాడటానికి?” అద్దాలమ్మ నవ్వింది, ఎంతో ప్రేమగా నవ్వింది. “రాత్రంతా నిద్ర పోలేదు కదూ నువ్వు? నేను విన్నా. నన్ను పంపించలేక ఎంత కథ అల్లావే తల్లీ! రెండద్దాలట, మధ్యలో చెమ్మట.”

“కథ కాదు అత్తయ్యా, నిజం. అద్దాలతన్ని అడగండి, కావాలంటే...”

“చాల్లే, ఊరుకో. నేనేం బాధపడటం లేదు. నీ చేతికి తుడవడం రాదని ఎన్నిసార్లు అన్నా? తప్పు. నీ చెయ్యి నా చేతికంటే మంచిది. మనసు ఇంకా మంచిది. ఇన్నాళ్ళూ నీ విలువ నాకు తెలీలేదు.”

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారి నోట ఇలాంటి మాట కోడలు వినలేదు. వినాలని ఎంత కోరుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఒక్కొక్క మాటా మీద పడుతుంటే కాదు కాదని తల ఊపుతూనే ఉంది. ఎంత ఊపితే అద్దాలమ్మ అంత గట్టిగా ఆమె చెయ్యి నొక్కింది. కండక్టరు దిగమని కేకేశాడు. బస్సు కదలసాగింది. ఎలా దిగిందో దిగింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరూ నిలబడ్డారు. కొడుకు కళ్ళు తుడుచుకుని పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు.

“కిటికీలోంచి విన్నా, నువ్వు అమ్మతో చెప్పింది. నాకైతే తట్టేది కాదు అలాంటి మాట. కళ్ళు బాగున్నాయన్నావు, మనసు నిండిపోయింది అమ్మకి. సంతోషంగా వెళ్ళింది” అన్నాడు.

అతనితోనైనా నిజమని చెబుదామని ఆమె నోరు తెరిచింది. అతను తడి కళ్ళతో, కృతజ్ఞతతో ఆమె వంకే చూస్తున్నాడు. నమ్మడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

“పద, రేపు పొద్దున్నే పనికెళ్ళాలిగా నువ్వు” అన్నాడు.

ఆమె అతని వెనకే నడిచింది.